పేపర్‌లో ఉన్నది నోటికి రావాలంటే: పరిశోధకులూ ఇంగ్లీష్ ప్రజెంటేషన్లూ

కాన్ఫరెన్స్‌లో పదిహేను నిమిషాల స్లాట్. పన్నెండు మాట్లాడటానికి, మూడు ప్రశ్నలకు. స్కాలర్ మైకు దగ్గరికి వచ్చి "రెస్పెక్టెడ్ చైర్‌పర్సన్, డిగ్నిటరీస్ ఆన్ ది డయాస్..." అని మొదలుపెట్టి పేరుపేరునా నమస్కారాలు చెప్పేసరికి ఒక నిమిషం పోయింది. తర్వాత 'ఔట్‌లైన్' స్లైడ్: ఇంట్రడక్షన్, లిటరేచర్ రివ్యూ, మెథడాలజీ, రిజల్ట్స్, కన్‌క్లూజన్. ఏ టాక్‌లోనైనా ఉండేవే. ఆ తర్వాత ఎవరు ఏ సంవత్సరంలో ఏం చేశారో తెలిపే పెద్ద టేబుల్, అందులో చీమల బారులాంటి అక్షరాలు. నాలుగేళ్లు ల్యాబ్‌లో కూర్చుని సాధించిన అసలు గ్రాఫ్ తెర మీదికి వచ్చేసరికి బెల్ మోగింది. మిగిలిన ఏడు స్లైడ్లూ "నెక్స్ట్, నెక్స్ట్" అంటూ పరుగెత్తాయి. హాల్లోంచి బయటికి వచ్చాక ఆ స్కాలర్ తనకు తాను చెప్పుకునే కారణం ఒక్కటే: "నా ఇంగ్లీష్ బాగోలేదు."

ఈ నిర్ధారణ దగ్గరే పొరపాటు జరుగుతోంది. ఆ పన్నెండు నిమిషాల్లో చాలా భాగం ఏది ముందు చెప్పాలో, ఏది వదిలేయాలో తేల్చుకోకపోవడం వల్ల పోయింది. అదే టాక్ తెలుగులో ఇచ్చినా అంతే పోయేది. భాష వల్ల నష్టపోయింది కూడా కొంత ఉంది. అయితే గ్రామర్ పుస్తకం తిరగేసినా, అమెరికన్ యాస ప్రాక్టీస్ చేసినా ఆ నష్టం పూడదు. అది ఎక్కడుందో ఎవరూ చూపించకపోవడంతో, తెలివైన పరిశోధకులు ఏళ్ల తరబడి తప్పు చోట కష్టపడుతున్నారు.

నోరు విప్పాల్సిన సందర్భాలు మన పీహెచ్‌డీ విద్యార్థులకు తక్కువేమీ కావు. యూజీసీ 2016 నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేలోపు కాన్ఫరెన్సుల్లో రెండు ప్రజెంటేషన్లు ఇవ్వాల్సి ఉండేది. 2022 నిబంధనల్లో ఆ షరతు పోయింది. కానీ అడ్వైజరీ కమిటీ ముందు పని ఎంతవరకు వచ్చిందో ఎప్పటికప్పుడు చెప్పుకోవడం, ప్రీ-సబ్మిషన్ ప్రజెంటేషన్, చివర్లో వైవా అలాగే ఉన్నాయి. అమెరికా వెళ్లి టీచింగ్ అసిస్టెంట్‌గా చేరాలనుకునేవాళ్లకు చాలా యూనివర్సిటీలు మాట్లాడే ఇంగ్లీష్‌ను విడిగా పరీక్షిస్తాయి. ఇన్నిసార్లు మాట్లాడించే వ్యవస్థ, ఎలా మాట్లాడాలో నేర్పడానికి చాలాచోట్ల ఒక్క వారం కూడా కేటాయించదు.

డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఈ బరువు ఇంకా ఎక్కువ. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాల్లో కిరణజన్య సంయోగక్రియ, ద్రవ్యవేగం, విద్యుద్విశ్లేషణ అని నేర్చుకున్న విద్యార్థి ఎమ్మెస్సీలో చేరగానే ఫోటోసింథసిస్, మొమెంటమ్, ఎలక్ట్రాలిసిస్‌లో పడతాడు. ఐదారేళ్లలో చదవడం వచ్చేస్తుంది. గైడ్ దిద్దగా దిద్దగా రాయడమూ వస్తుంది. నోటికి మాత్రం ఆ అవకాశం దొరకదు. ల్యాబ్‌లో తెలుగు, హాస్టల్లో తెలుగు, క్యాంటీన్లో తెలుగు. కళ్లకు బాగా తెలిసిన ఇంగ్లీష్ నోటికి కొత్త.

దీనికి కట్టే మూల్యం ఎంతో కొలిచినవాళ్లు ఉన్నారు. తత్సుయా అమానో బృందం ఎనిమిది దేశాలకు చెందిన 908 మంది పర్యావరణ శాస్త్రవేత్తలను అడిగి 2023లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లకు ఆ భాషలో ప్రజెంటేషన్ తయారు చేసుకోవడానికి కొన్ని దేశాల్లో దాదాపు రెట్టింపు సమయం పడుతోందని అందులో తేలింది. భాష భయంతో కాన్ఫరెన్సులకు వెళ్లడమే మానుకుంటున్న యువ పరిశోధకులు కూడా అందులో కనిపించారు. సర్వే చేసిన దేశాల్లో భారత్ లేదు. అయినా ఆ భయం మన సెమినార్ హాళ్లలో ఎవరికీ కొత్త కాదు. రెట్టింపు సమయం ఎలాగూ పెట్టక తప్పనప్పుడు, దాన్ని దేని మీద పెడుతున్నామన్నదే అసలు ప్రశ్న.

యాస మీద పెట్టకూడదు

కెనడాకు చెందిన భాషా పరిశోధకులు ముర్రే మన్రో, ట్రేసీ డెర్వింగ్ 1995లో ఒక విషయం చూపించారు. యాస బలంగా ఉండటం వేరు, మాట అర్థం కాకపోవడం వేరు. "ఈ మనిషి యాస చాలా ఎక్కువ" అని మార్కులు వేసిన శ్రోతలే, ఆ మనిషి చెప్పిన మాటలను పొల్లుపోకుండా రాసి ఇచ్చిన సందర్భాలు ఎన్నో. అంటే యాస చెవికి తెలుస్తుంది, అర్థానికి మాత్రం ప్రతిసారీ అడ్డుపడదు.

2000లో బ్రిటన్ భాషావేత్త జెన్నిఫర్ జెంకిన్స్ మరో అడుగు వేశారు. ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లు ఒకరితో ఒకరు ఇంగ్లీష్‌లో మాట్లాడుకునేటప్పుడు, ఏ ఉచ్చారణ తప్పితే అర్థం చెడుతుంది, ఏది తప్పినా ఫర్వాలేదు అని ఆమె విడదీశారు. అంతర్జాతీయ కాన్ఫరెన్స్ అంటే సరిగ్గా ఇదే పరిస్థితి. జపాన్, జర్మనీ, బ్రెజిల్ నుంచి వచ్చినవాళ్లకూ ఇంగ్లీష్ రెండో భాషే. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో మాట్లాడితే ఎదురుగా కూర్చున్నది ఆఫ్రికా శాస్త్రవేత్త కావచ్చు. జెంకిన్స్ లెక్కలో 'థింక్', 'దిస్' లాంటి మాటల్లో నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే శబ్దం ముఖ్యం కాదు. మన 'థ', 'ద' చక్కగా సరిపోతాయి. అచ్చుల పొడుగు ముఖ్యం. ఇది తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. హ్రస్వ దీర్ఘాలు తేడా చేస్తే అర్థం మారిపోయే భాషలో పెరిగినవాళ్లకు 'షిప్', 'షీప్' తేడా ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. ఆమె ముఖ్యమన్న ఇంకోటి, వాక్యంలో అసలు మాటను గొంతుతో ఎత్తి చూపించడం. తెలుగువాళ్లు జారేది అక్కడే.

'ఏ' చేసే పని

నల్గొండ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద పనిచేసే ఒక స్కాలర్‌ని ఊహించుకుందాం. ఆమె ఫలితాన్ని తెలుగులో రెండు రకాలుగా చెప్పొచ్చు. "లోతైన బావుల్లోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంది." లేదా "లోతైన బావుల్లో ఫ్లోరైడే ఎక్కువగా ఉంది." మొదటిది ఏ బావుల్లో అన్న ప్రశ్నకు జవాబు. రెండోది ఏ పదార్థం అన్న ప్రశ్నకు జవాబు. తేడా అంతా మాట చివర వచ్చే ఆ చిన్న 'ఏ' ఎక్కడ అంటుకుందన్న దాంట్లో ఉంది. తెలుగులో గొంతు ఎత్తకుండా, ఒకే స్వరంలో చెప్పినా వినేవాళ్లకు తేడా తెలిసిపోతుంది.

ఇప్పుడు అదే ఇంగ్లీష్‌లో: "డీప్ వెల్స్ హ్యావ్ మోర్ ఫ్లోరైడ్." రెండు అర్థాలకూ ఇవే మాటలు సరిపోతాయి. 'డీప్' దగ్గర గొంతు పైకి లేచి, ఆ అచ్చు కాస్త సాగితే మొదటి అర్థం. 'ఫ్లోరైడ్' దగ్గర లేస్తే రెండోది. తెలుగులో 'ఏ' చేసే పనిని ఇంగ్లీష్‌లో గొంతు చేయాలి. తెలుగులో ఆలోచించి ఇంగ్లీష్‌లో పలికేటప్పుడు ఆ 'ఏ' దారిలో పడిపోతుంది. దాని స్థానంలోకి ఏదీ రాదు. అన్ని మాటలూ ఒకే ఎత్తులో, ఒకే వేగంలో సాగిపోతాయి. గ్రామర్ తప్పు ఒక్కటీ ఉండదు. అయినా హాల్లో కూర్చున్నవాళ్లు ఇందులో కొత్త సంగతేమిటో పట్టుకోలేక అలసిపోతారు.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. స్క్రిప్ట్‌ను ముందు తెలుగులో అనుకోవాలి. ప్రతి వాక్యంలో 'ఏ' ఎక్కడ పడుతుందో చూసి, ఇంగ్లీష్ వాక్యంలో ఆ మాట కింద పెన్సిల్‌తో గీత గీయాలి. వాక్యానికి ఒక్క గీత చాలు. చదివేటప్పుడు ఆ మాట దగ్గర గొంతు ఎత్తి, దాని తర్వాత అర క్షణం ఆగాలి. రెండు మూడు రోజులు ఇలా బయటికి చదివితే వచ్చే మార్పు, నెలల తరబడి యాస దిద్దుకున్నా రాదు.

విడి మాటల్లో కూడా ఇలాంటి ఊనిక ఉంది. 'అనాలిసిస్' అన్నప్పుడు ఊనిక 'నా' మీద, 'అనలిటికల్' అన్నప్పుడు 'లి' మీద. 'పెరామీటర్' అన్నప్పుడు 'రా' మీద పడాల్సింది, మనవాళ్ల నోట 'పారామీటర్' అయి మొదటి అక్షరం మీదికి వచ్చేస్తుంది. 'డిటర్మైన్' అనేది అసలు 'డిటర్మిన్'. స్పెల్లింగ్‌లో జంట అక్షరం కనిపించగానే తెలుగు నాలుక ద్విత్వం పలుకుతుంది కాబట్టి 'ఎరర్' కాస్తా 'ఎర్రర్' అవుతుంది, 'కోరిలేషన్' 'కొర్రిలేషన్' అవుతుంది. ఇవన్నీ సరిచేసుకోవడానికి డిక్షనరీ మొత్తం అక్కర్లేదు. ఒక థీసిస్‌లో మళ్లీ మళ్లీ వచ్చే మాటలు నలభయ్యో యాభయ్యో ఉంటాయి. వాటిని ఒక కాగితం మీద రాసుకుని, ఫోన్‌లోని డిక్షనరీలో ఉచ్చారణ విని, ఊనిక గుర్తు పెట్టుకుంటే పని అయిపోతుంది.

అంకెల దగ్గర ఇంకో చిక్కు. 3.14ను "త్రీ పాయింట్ ఫోర్టీన్" అనడం మనకు అలవాటు. ఇంగ్లీష్‌లో పాయింట్ తర్వాత ఒక్కో అంకె విడివిడిగా, "త్రీ పాయింట్ వన్ ఫోర్" అనాలి. లక్ష, కోటి అన్నవి విదేశీ శ్రోతకు తెలియవు. రెండున్నర లక్షల మంది మీద చేసిన సర్వే అయితే "టూ హండ్రెడ్ అండ్ ఫిఫ్టీ థౌజండ్" అని ముందే మార్చుకుని స్లైడ్ మీద కూడా అలాగే పెట్టాలి. వేదిక మీద లెక్క కట్టబోతే అప్పటిదాకా బాగా సాగిన టాక్ కూడా తడబడుతుంది.

పేపర్‌ను చదివి వినిపించడం

పేపర్ చదివేవాడికి అర్థం కాకపోతే పేజీ వెనక్కి తిప్పుతాడు. వినేవాడికి ఆ వీల్లేదు. ఈ ఒక్క తేడా నుంచే మిగతావన్నీ వస్తాయి. "ఇట్ వాజ్ అబ్జర్వ్‌డ్ దట్..." అని మొదలై నలభై మాటల తర్వాత ముగిసే వాక్యం కాగితం మీద నడుస్తుంది, హాల్లో నడవదు. తెలుగులో "నమూనా తీసుకుని, వడగట్టి, వేడిచేసి, చల్లార్చి, కొలిచాం" అని ఎన్ని అసమాపక క్రియలైనా దండలా గుచ్చుకుంటూ పోవచ్చు. శ్రోత చివరి క్రియ కోసం హాయిగా ఎదురు చూస్తాడు. ఆ దండను ఇంగ్లీష్‌లోకి తెస్తే ముళ్లు పడతాయి. వాక్యానికి ఒక పని. అది చెప్పి, ఆగి, తర్వాతది.

మన నల్గొండ స్కాలర్ టాక్ సాధారణంగా "ఫ్లోరిన్ ఈజ్ ది మోస్ట్ ఎలక్ట్రోనెగటివ్ ఎలిమెంట్ ఇన్ ది పీరియాడిక్ టేబుల్" అని మొదలవుతుంది. అది నిజమే, కానీ అది తెలుసుకోవడానికి ఎవరూ ఆ హాల్‌కి రాలేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఆమె అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు: "ది సేఫ్ లిమిట్ ఈజ్ వన్ పాయింట్ ఫైవ్. హాఫ్ ఆఫ్ అవర్ వెల్స్ క్రాస్ ఇట్. కెన్ వుయ్ ప్రిడిక్ట్ విచ్ వన్స్?" మూడు చిన్న వాక్యాలు. పదో తరగతి ఇంగ్లీష్ చాలు. ఇరవై సెకన్లలో హాలంతా ఆమె ప్రశ్నను తమ ప్రశ్నగా తీసుకుంటుంది. నమస్కారాలకు ఒక్క "గుడ్ మార్నింగ్" సరిపోతుంది. మన పద్ధతిలో అది అమర్యాదలా అనిపించొచ్చు గానీ, వినేవాళ్ల సమయం కాపాడటమే అక్కడ వాళ్లకు చేసే మర్యాద.

స్లైడ్ పైన 'రిజల్ట్స్' అని రాసే అలవాటు గురించి కూడా చెప్పాలి. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మైకేల్ ఆలీ చాలాకాలంగా చెబుతున్న పద్ధతి ఒకటుంది. శీర్షిక స్థానంలో ఆ స్లైడ్ చెప్పే సంగతిని పూర్తి వాక్యంగా పెట్టాలి, దాని కింద బుల్లెట్లు కాకుండా రుజువు చూపించే బొమ్మో గ్రాఫో పెట్టాలి. "ఫ్లోరైడ్ ఇంక్రీజెస్ విత్ వెల్ డెప్త్" అని పైన ఉంటే, మాట్లాడేవాళ్ల నోట్లో ఒక మాట తప్పినా శ్రోత దారి తప్పడు. ఇంగ్లీష్ మీద నమ్మకం తక్కువ ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి ఊతం లేదు. మాట కోసం తడుముకునేటప్పుడు చూసుకోవడానికి ఒక వాక్యం ఎప్పుడూ కళ్ల ముందు ఉంటుంది.

గ్రాఫ్ దగ్గర చాలామంది "యాజ్ యూ కెన్ సీ" అని దాటేస్తారు. ఆరు నెలలుగా ఆ గ్రాఫ్‌తో కాపురం చేసిన మనిషికి కనిపించేది, అప్పుడే చూసినవాళ్లకు కనిపించదు. అడ్డంగా ఏముంది, నిలువుగా ఏముంది, ఒక్కో చుక్క దేనికి గుర్తు అన్నవి వరుసగా చెప్పాలి. అప్పుడు వేలుపెట్టి చూపించాలి. ఆ తర్వాత నాలుగైదు సెకన్లు ఏమీ మాట్లాడకూడదు. ఆ నాలుగు సెకన్లు మాట్లాడేవాళ్లకు నాలుగు గంటల్లా ఉంటాయి. వినేవాళ్లకు ఊపిరి పీల్చుకునే వ్యవధి.

వేగం, రిహార్సల్

టెన్షన్‌లో అందరూ వేగం పెంచేస్తారు. ఇంగ్లీష్ మాతృభాష అయినవాళ్లూ అంతే. కమ్మరి కొడుకుగా పుట్టి, పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పనిచేసి శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడే, లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యాసాలకు పేరుపొందాడు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆయన బెంజమిన్ స్మార్ట్ అనే గురువు దగ్గర వక్తృత్వం నేర్చుకున్నాడు. ఉపన్యాసం ఇచ్చేటప్పుడు తన కళ్లకు కనబడేలా 'స్లో' అని రాసిన కార్డు పెట్టించుకునేవాడు. ఇంగ్లీష్‌లోనే పుట్టిపెరిగిన మనిషికి ఆ కార్డు అవసరమైంది. మన స్కాలర్ ల్యాప్‌టాప్ మూలన అలాంటి చీటీ ఒకటి అంటించుకుంటే చిన్నతనమేమీ లేదు.

లెక్క సులువే. అందరికీ అర్థమయ్యేలా మాట్లాడితే నిమిషానికి 120 నుంచి 130 మాటలు వస్తాయి. పన్నెండు నిమిషాలకు పదిహేను వందలు. రాసుకున్న స్క్రిప్ట్ రెండున్నర వేల మాటలుంటే, వెయ్యి మాటలు కోసేయాలి. వేగం పెంచి ఇరికించకూడదు.

మొదటి రిహార్సల్ తెలుగులో, సబ్జెక్ట్ తెలియని మనిషి ముందు చేయడం మంచిది. తమ్ముడో, రూమ్మేటో, ఇంట్లో అమ్మో ఎవరైనా సరే. తెలుగులో చెబుతున్నప్పుడే కథ తెగిపోతే, అక్కడ చిక్కు ఆలోచనలో ఉందని తెలిసిపోతుంది. దానికి ఇంగ్లీష్‌ను నిందించి లాభం లేదు. తెలుగులో సాఫీగా సాగి, ఇంగ్లీష్‌లో తెగిందంటే అప్పుడది భాష పని. ఈ రెండింటినీ విడదీయడానికి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు.

భాష పని అని తేలాక, న్యూజిలాండ్ భాషాబోధన నిపుణుడు పాల్ నేషన్ ప్రచారంలోకి తెచ్చిన 4-3-2 పద్ధతి బాగా పనికొస్తుంది. ఒకే విషయాన్ని ఒకరికి నాలుగు నిమిషాల్లో, రెండోవారికి మూడు నిమిషాల్లో, మూడోవారికి రెండు నిమిషాల్లో చెప్పాలి. మనుషులు మారుతుంటారు కాబట్టి చెప్పేవాళ్లకు విసుగు రాదు. సమయం తగ్గుతుంటే అనవసరమైనవి వాటంతటవే రాలిపోతాయి, మాటలు నోట్లో నలుగుతాయి. ముగ్గురు స్కాలర్లు సాయంత్రం టీ తాగుతూ చేసుకోగలిగిన పని ఇది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో 2008లో మొదలైన 'త్రీ మినిట్ థీసిస్' పోటీ కూడా ఇలాంటి కుదింపునే నేర్పుతుంది: ఒక్క స్లైడ్, మూడు నిమిషాలు, మొత్తం పీహెచ్‌డీ.

స్క్రిప్ట్ అంతా బట్టీ పట్టడం మాత్రం ప్రమాదం. ఒక్క వాక్యం జారితే మిగతాదంతా దాని వెంట పోతుంది. మొదటి నాలుగు వాక్యాలు, చివరి రెండు కంఠతా ఉంటే చాలు. మధ్యలోది స్లైడ్ శీర్షికలు పట్టుకుని నడవాలి.

ప్రశ్నల మూడు నిమిషాలు

చాలామందికి అసలు భయం ఇక్కడే. టాక్‌ను ముందే తయారు చేసుకోవచ్చు, ప్రశ్నను ఎలా తయారు చేసుకుంటాం? పైగా అడిగేవాళ్ల యాస అర్థం కాకపోతే? అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుని అడుగుతుంటే, అందులో ఒకరు అప్రస్తుత ప్రసంగంతో ఆటంకపరుస్తుంటే, అవధాని తొందరపడడు. అడిగినదాన్ని పైకి ఒకసారి అనుకుని, అప్పుడు పూరణకు దిగుతాడు. కాన్ఫరెన్స్‌లోనూ అంతే. ప్రశ్న రాగానే "సో యూ ఆర్ ఆస్కింగ్ వెదర్..." అని దాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. వెనక వరుసకు ప్రశ్న వినపడుతుంది, సరిగ్గా అర్థమైందో లేదో తేలుతుంది, ఆలోచించుకోవడానికి పది సెకన్లు దొరుకుతాయి. అర్థం కాకపోతే "కుడ్ యూ ప్లీజ్ రిపీట్ ద లాస్ట్ పార్ట్?" అనడంలో తప్పేమీ లేదు. ఏ భాగం వినపడలేదో చెప్పి అడిగితే రెండోసారి స్పష్టంగా వస్తుంది.

తెలియని ప్రశ్నకు జవాబు అల్లకూడదు. "వుయ్ డిడ్ నాట్ మెజర్ దట్" అన్నది పూర్తి జవాబు. దాని వెనక "బట్ వుయ్ కుడ్, విత్ ద సేమ్ శాంపిల్స్" అని చేర్చగలిగితే ఇంకా మంచిది. ఇలాంటి వాక్యాలు పది పన్నెండు నోటికి వచ్చి ఉంటే, ఏ హాల్లోనైనా ఆ మూడు నిమిషాలు గడుస్తాయి.

నోటికి రావాలంటే అలాంటి సందర్భాలు ముందు సొంత డిపార్ట్‌మెంట్‌లో రావాలి. చాలా సెమినార్లలో ప్రశ్నలన్నీ ప్రొఫెసర్లే అడుగుతారు. స్కాలర్ కాస్త తడబడగానే గైడ్ లేచి జవాబు చెప్పేస్తారు. అది ప్రేమతో చేసేదే, కానీ ఆ స్కాలర్‌కు దొరికిన ఒక్క అవకాశమూ అలా పోతుంది. ప్రతి సెమినార్‌లో మొదటి మూడు ప్రశ్నలు తోటి స్కాలర్లకే వదిలేసి, గైడ్ చివరిదాకా కూర్చునే ఉండేలా ఒక పద్ధతి పెట్టుకోవచ్చు. అడిగేవాళ్లు తెలుగులో అడిగినా ఫర్వాలేదు. జవాబు ఇంగ్లీష్‌లో రావాలి, ఎంత సమయం పట్టినా.